నాబ్ తిప్పినా పల్స్ వెడల్పు మారట్లేదంటే ఐసీ పోయినట్టేనా? ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్‌లో పీడబ్ల్యూఎం చేసే అసలు పని

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదివేవాళ్లందరికీ తెలియడానికి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. నీ దగ్గర 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ ఐజీబీటీ (పెద్ద కరెంటును వేగంగా ఆన్ ఆఫ్ చేసే స్విచ్ ముక్క) ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ ఉంది. కొత్తగా ఆసిలోస్కోప్ (వోల్టేజీ అలలను తెర మీద చూపే పరికరం) కొన్నావు. రాడ్డు తగలకుండా మెషిన్ ఆన్ చేసి పీడబ్ల్యూఎం (ఆన్‌లో ఉండే పల్స్ వెడల్పును మార్చి పవర్‌ను అదుపు చేసే పద్ధతి) ఐసీ దగ్గర చూస్తే, నాబ్ కింద ఉన్నా పైన ఉన్నా పల్స్ ఫుల్ వెడల్పులోనే ఉంది. పక్కవాడితో వెల్డింగ్ చేయిస్తూ చూస్తే వెడల్పు సగానికి తగ్గింది గానీ, నాబ్ 50 నుంచి 150కి తిప్పినా దాదాపు అక్కడే ఉంది. "నాబ్ సగం తిప్పితే పల్స్ సగం, పవర్ సగం కదా అన్నా, ఐసీ మార్చాలా?" అని అడిగావు. స్టిక్కర్ మీద డ్యూటీ సైకిల్ 60 శాతం అని ఉంది కాబట్టి పల్స్ 60 శాతం దగ్గర ఆగాలేమో అని ఇంకో అనుమానం.

ఐసీ మార్చకు. నువ్వు చూసిందాన్ని బట్టి మెషిన్ బాగానే పనిచేస్తోంది. నీకు చెప్పినవాళ్లే తప్పు చెప్పారు. నాబ్ సగం తిప్పితే పల్స్ సగం అన్న మాట ఎల్ఈడీ లైటుకి సరిపోతుంది, వెల్డింగ్ మెషిన్‌కి సరిపోదు. ఇక్కడ నాబ్ పల్స్ వెడల్పును పెట్టదు. "నాకు ఇన్ని ఆంపియర్లు కావాలి" అని అడుగుతుంది, అంతే. ఆ ఆంపియర్లు రావడానికి ఆ క్షణంలో ఎంత వెడల్పు కావాలో మెషినే చూసుకుంటుంది. లెక్క వేసి చూపిస్తాను, నీ స్కోప్‌లో కనిపించింది అందులో సరిగ్గా పడుతుంది.

ముందు కరెంటు దారి. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ బ్రిడ్జ్ రెక్టిఫయర్ గుండా వెళ్లి పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టుల దగ్గర డీసీ అవుతుంది. 230ని 1.414తో గుణిస్తే వచ్చే అంకె అది. వెల్డింగ్ చేస్తుంటే అది కాస్త కుంగుతుంది, లెక్క తేలిగ్గా ఉండటానికి 300 అనుకుందాం. ఈ డీసీని నాలుగు ఐజీబీటీల బ్రిడ్జ్ ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి ఫెరైట్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీకి వాడే నల్లటి కోర్) ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తుంది. ఈ తిప్పడం సెకనుకు వేల సార్లు. ఐజీబీటీ మెషిన్లలో మామూలుగా 20 నుంచి 50 కిలోహెర్ట్జ్, మాస్‌ఫెట్ (ఇంకో రకం స్విచ్) మెషిన్లలో 100 దాకా. నీది 50 అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ 5కి 1 నిష్పత్తిలో దించితే సెకండరీలో (బయటికి ఇచ్చే చుట్టలో) 60 వోల్టుల ముక్కలు వస్తాయి. ఫాస్ట్ డయోడ్లు వాటన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పుతాయి, చోక్ (కరెంటు ఎగుడుదిగుళ్లను అడ్డుకునే తీగచుట్ట) వాటిని నున్నగా చేస్తుంది, అక్కడి నుంచి హోల్డర్‌కి.

ఇంత వేగం ఎందుకంటే బరువు కోసం. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ ఎంత పెద్దది కావాలో ఫ్రీక్వెన్సీ చెబుతుంది. 50 హెర్ట్జ్ నుంచి 50 కిలోహెర్ట్జ్‌కి పోతే 1000 రెట్లు. ఫెరైట్ మోయగలిగే ఫ్లక్స్ సిలికాన్ స్టీల్ కంటే బాగా తక్కువ, ఐదారు రెట్లు అక్కడ పోతుంది. అయినా మిగిలేది చాలా ఎక్కువ. అందుకే ఇద్దరు మనుషులు మోసే ఆయిల్ కూల్డ్ మెషిన్ చేసే పని ఇప్పుడు భుజానికి తగిలించుకునే పెట్టె చేస్తోంది. ఇంత కరెంటును ఇంత వేగంగా కోయగల ఐజీబీటీని 1980ల మొదట్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ తీర్చిదిద్దింది బి. జయంత్ బలిగా. మద్రాసులో పుట్టి, ఐఐటీ మద్రాసులో చదివిన మనిషి. 2024లో ఆయనకు ఫిన్లాండ్ వాళ్ల మిలీనియం టెక్నాలజీ ప్రైజ్ వచ్చింది. మన షాపుల్లో రోజూ పట్టుకునే ఆ నల్ల ముక్క వెనక ఉన్నది ఆయన అని చాలామందికి తెలియదు.

ఇక కోత దగ్గరికి వద్దాం. సెకండరీలో 60 వోల్టులు ఉన్నాయి, ఆర్క్‌కి 24 చాలు. మిగతా 36 వోల్టులను ఒక ట్రాన్సిస్టర్‌లో ఆపామనుకో, 100 ఆంపియర్ల దగ్గర అక్కడే 3600 వాట్ల వేడి పుడుతుంది. బాత్రూమ్ గీజర్ కంటే ఎక్కువ. ఆర్క్‌కి వెళ్లే 2400 వాట్ల కంటే కూడా ఎక్కువ! అలా కుదరదు కాబట్టి ఆపడం మానేసి కోస్తాం, అంటే ఆన్ ఆఫ్ చేస్తూ ముక్కలుగా ఇస్తాం. ఐజీబీటీ పూర్తిగా ఆన్‌లో ఉంటే దాని మీద రెండు వోల్టుల దాకానే పడతాయి. ప్రైమరీలో 20 ఆంపియర్లు పోతుంటే 40 వాట్లు, అది కూడా ఆన్‌లో ఉన్నంతసేపే. ఆఫ్‌లో ఉంటే కరెంటే లేదు. వేడిలో పెద్ద వాటా ఆన్ నుంచి ఆఫ్‌కి, ఆఫ్ నుంచి ఆన్‌కి మారే ఆ కొద్దిపాటి సమయంలో పుడుతుంది. ఫ్రీక్వెన్సీని ఇష్టమొచ్చినట్టు పెంచలేకపోవడానికి అదే కారణం.

60 వోల్టుల ముక్కను 45 శాతం సమయం ఇచ్చి 55 శాతం ఆపితే సగటు 27 వోల్టులు. ఆర్క్ ఈ ముక్కలను చూడదు, మధ్యలో చోక్ ఉంది. చోక్ 30 మైక్రోహెన్రీలు అనుకో. ఆన్‌లో ఉన్నప్పుడు దాని మీద 33 వోల్టులు 4.5 మైక్రోసెకన్ల సేపు పడితే కరెంటు 5 ఆంపియర్లు పెరుగుతుంది, ఆఫ్‌లో అంతే తగ్గుతుంది. 100 ఆంపియర్ల మీద 5 ఆంపియర్ల అల. అది చేతికి తెలియదు, బీడ్‌లోనూ (వెల్డింగ్ గీతలోనూ) కనిపించదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న.

రాడ్డు వెల్డింగ్‌లో ఆర్క్ వోల్టేజీ కరెంటుతో పాటు పెద్దగా పెరగదు. వెల్డింగ్ మెషిన్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60974-1లో దీనికి ఒక సూత్రం ఉంది. 20కి, ఆంపియర్లను 0.04తో గుణించిన అంకెను కలపాలి. 50 ఆంపియర్లకు 22 వోల్టులు, 100కి 24, 150కి 26. డయోడ్లు, కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ తీగల్లో పోయేది వీటికి వరసగా 2, 3, 4 వోల్టులు కలుపు. అంటే 24, 27, 30 కావాలి. సెకండరీలో ఉన్నది 60. కాబట్టి కావలసిన వెడల్పు 40 శాతం, 45 శాతం, 50 శాతం.

చూశావా? కరెంటు మూడింతలైంది. ఆర్క్‌లో పవర్ 1100 వాట్ల నుంచి 3900 వాట్లకు, మూడున్నర రెట్లు పెరిగింది. పల్స్ మాత్రం 40 నుంచి 50కి కదిలింది, అంతే.

స్కోప్‌లో ఇంకా చిన్నగా కనిపిస్తుంది. ఐసీలో రెండు ఔట్‌పుట్లు వంతులవారీగా పనిచేస్తాయి కాబట్టి ఒక్కో దాంట్లో నీకు కనిపించేది సగమే. 50 కిలోహెర్ట్జ్‌లో ఒక చుట్టు 20 మైక్రోసెకన్లు. అందులో ఒక ఔట్‌పుట్ ఆన్ సమయం 50 ఆంపియర్ల దగ్గర 4 మైక్రోసెకన్లు, 150 దగ్గర 5. మొత్తం తేడా ఒక్క మైక్రోసెకను! పైగా నీ పక్కవాడు రాడ్డును కాస్త పైకి కిందికి ఆడించినా ఆర్క్ వోల్టేజీ మూడు నాలుగు వోల్టులు అటూ ఇటూ అవుతుంది, దానికే అంతకు అంత వెడల్పు ఊగుతుంది. ఆ ఊపులో నాబ్ తెచ్చిన తేడా నీ కంటికి ఎలా ఆనుతుంది?

రాడ్డు తగలనప్పుడు ఫుల్ వెడల్పు ఎందుకో కూడా ఇందులోనే ఉంది. నువ్వు 50 అడిగావు, కరెంటు సున్నా. "ఇంకా రాలేదు, ఇంకా రాలేదు" అని సర్క్యూట్ వెడల్పు పెంచుతూ పోయి గరిష్ఠం దగ్గర ఆగిపోతుంది. 150 అడిగినా అంతే. అందుకే నాబ్ ఎక్కడున్నా హోల్డర్ దగ్గర ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ ఒకటే ఉంటుంది, 60 నుంచి 70 మధ్య. భద్రత కోసం ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజీ తగ్గించే వీఆర్‌డీ సర్క్యూట్ ఉన్న మెషిన్లలో మాత్రం వేరుగా కనిపిస్తుంది.

దీనికి తిరగేసిన పరీక్ష ఒకటి ఉంది. నాబ్ 50 దగ్గర పెట్టి, హోల్డర్‌ను ఎర్త్ క్లాంపుకి గట్టిగా కలిపి రెండు సెకన్లు మాత్రం చూడు. ఇప్పుడు బయట రెండు వోల్టులు కూడా అక్కర్లేదు. లోపలి నష్టాలు కలిపినా నాలుగో ఐదో. వెడల్పు పది శాతం కిందికి పడిపోయి సన్నటి సూదిలా అవుతుంది. కరెంటు మాత్రం అదే 50. నాబ్ ఒక్కటే, కరెంటు ఒక్కటే, ఖాళీగా ఉంటే పల్స్ ఫుల్, ఆర్క్‌లో 40 శాతం, షార్ట్‌లో సూది. వెడల్పును నడిపించేది నాబ్ కంటే లోడే ఎక్కువ. కొన్ని మెషిన్లలో యాంటీ స్టిక్ (రాడ్డు అతుక్కుపోతే కరెంటు తగ్గించే సర్క్యూట్) ఉంటే సెకను తిరిగేలోపు కరెంటు కూడా తగ్గించేస్తుంది, కంగారు పడకు.

మరి ఈ చూసుకోవడం ఎవరు చేస్తారు? ఔట్‌పుట్ దారిలో ఒక షంట్ ఉంటుంది, మందపాటి మాంగనిన్ ముక్క. 200 ఆంపియర్లకు 75 మిల్లీవోల్టుల షంట్ అయితే 100 ఆంపియర్లకు 37.5 మిల్లీవోల్టులు వస్తాయి. కొన్ని మెషిన్లలో షంట్ బదులు హాల్ సెన్సార్ (అయస్కాంత క్షేత్రాన్ని బట్టి కరెంటు కొలిచేది), మరికొన్నింటిలో ప్రైమరీ దారిలో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాయి. ఆ చిన్న వోల్టేజీని ఆప్ ఆంప్ పెంచి, నాబ్ నుంచి వచ్చే వోల్టేజీతో పోలుస్తుంది. రెండింటి తేడా పీడబ్ల్యూఎం ఐసీకి వెళుతుంది. చాలా మెషిన్లలో అది ఎస్‌జీ3525, లేకపోతే యూసీ3846. 3525 లోపల సుమారు 0.9 నుంచి 3.3 వోల్టుల మధ్య ఎగబాకే రంపపు పళ్ల అల ఒకటి ఎప్పుడూ నడుస్తుంటుంది. తేడా వోల్టేజీ ఆ అలను ఎంత ఎత్తులో కోస్తే అంత వెడల్పు. తేడా వోల్టేజీ పైకి లేస్తే వెడల్పు పెరుగుతుంది, కిందికి దిగితే తగ్గుతుంది. ఇదంతా వెయ్యో వంతు సెకను లోపే జరిగిపోతుంది. మన చెయ్యి వణుకు దాని ముందు నత్తనడక.

పాత ఆయిల్ మెషిన్ తెలిసినవాళ్లకు ఇంకోలా చెబుతాను. ఆ మెషిన్లో చక్రం తిప్పితే లోపల ఇనుప కోర్ ముక్క కదిలి, ఫ్లక్స్ కొంత పక్కదారి పట్టి, ఆ లీకేజీయే కరెంటుకి అడ్డుకట్ట వేసేది. అక్కడ ఇనుము చేసిన పనిని ఇక్కడ ఫీడ్‌బ్యాక్, అంటే వచ్చిన కరెంటును కొలిచి సరిదిద్దుకునే ఈ ఏర్పాటు, చేస్తోంది. తేడా ఏంటంటే, ఆర్క్ పొడవు మారినప్పుడు ఇనుము కరెంటును కాస్త మారనిచ్చేది. ఫీడ్‌బ్యాక్ మారనివ్వదు. పాత మెషిన్ మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలు ఇన్వర్టర్ పట్టుకోగానే "ఇది బిగుసుకుపోయినట్టుంది" అనడం నేను చాలాసార్లు విన్నాను. వాళ్లు రాడ్డును దగ్గరికి నొక్కి వేడి పెంచుకునేవాళ్లు, దూరం జరిపి తగ్గించుకునేవాళ్లు. అది ఇక్కడ అంతగా పనిచేయదు. దాన్ని కొంత తిరిగి ఇవ్వడానికే ఆర్క్ ఫోర్స్ నాబ్ పెట్టారు. ఆర్క్ వోల్టేజీ ఒక హద్దు కంటే కిందికి పడితే, నువ్వు అడిగినదానికి మరికొన్ని ఆంపియర్లు కలిపి ఇస్తుంది. దాంతో కరిగిన బొట్టు కింది పూల్‌కి (కరిగిన లోహపు మడుగుకి) తగిలినప్పుడు రాడ్డు అతుక్కోదు. హాట్ స్టార్ట్ కూడా ఇలాంటిదే, ఆర్క్ మొదలయ్యే క్షణంలో కాస్త ఎక్కువ అడుగుతుంది. యాంటీ స్టిక్ తక్కువ అడుగుతుంది. మూడూ పల్స్‌ను నేరుగా ముట్టుకోవు. అడిగే ఆంపియర్లను మారుస్తాయి, పల్స్ దాని వెనకాలే వెళుతుంది.

రాడ్డు బదులు వైర్ వచ్చే మిగ్ మెషిన్లో కథ కొంచెం వేరు. అక్కడ ఫీడ్‌బ్యాక్ కరెంటు బదులు వోల్టేజీని పట్టుకుంటుంది. కరెంటును వైర్ వచ్చే వేగం నిర్ణయిస్తుంది. అదే ఐసీ, అదే బ్రిడ్జ్, పోల్చే వస్తువు మాత్రం మారింది.

స్టిక్కర్ మీది 60 శాతానికి, పల్స్‌కి ఏ సంబంధమూ లేదు. పేరు ఒకటే కావడం మన ఖర్మ. పల్స్ డ్యూటీ అంటే మైక్రోసెకన్లలో ఎంతసేపు ఆన్. స్టిక్కర్ మీది డ్యూటీ సైకిల్ అంటే 10 నిమిషాల్లో ఎన్ని నిమిషాలు వెల్డింగ్ చేయొచ్చు అని. 200 ఆంపియర్లు 60 శాతం అంటే 6 నిమిషాలు చేసి 4 నిమిషాలు ఆపాలి, అది కూడా చుట్టూ 40 డిగ్రీల వేడి వరకే. మే నెలలో మన రేకుల షెడ్డు కింద 40 ఎప్పుడో దాటుతుంది కాబట్టి అంత ఆశించకు. ఆపకుండా చేయాలంటే ఎంత కరెంటు అనేదానికి 200ని 0.6 వర్గమూలంతో గుణించు, 155 వస్తుంది. చాలా స్టిక్కర్ల మీద 100 శాతం పక్కన ఆ 155 ఉండేది అందుకే.

పల్స్ టిగ్ (టంగ్‌స్టన్ రాడ్డుతో చేసే వెల్డింగ్) అనే ఇంకో పల్స్ ఉంది, దాంతోనూ కలపకు. అది కరెంటునే పైకీ కిందికీ ఆడించడం, సెకనుకు ఒకసారి నుంచి కొన్ని వందల సార్లు. పలుచటి స్టెయిన్‌లెస్ రేకు కాలిపోకుండా ఉండటానికి. పీడబ్ల్యూఎం దాని కింద, దానికంటే వందల రెట్ల వేగంతో నడుస్తుంటుంది.

ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కువగా వచ్చే గొడవ, లో వోల్టేజీ. పీడబ్ల్యూఎం నీకు మంచి చేస్తున్నట్టు కనిపిస్తూనే ముంచేది ఇక్కడే. 230 బదులు 170 వచ్చిందనుకో. డీసీ 240, లోడ్ మీద 220కి పడుతుంది, సెకండరీ 44 వోల్టులు. 100 ఆంపియర్లకు 27 కావాలి, కాబట్టి వెడల్పు 45 నుంచి 61 శాతానికి పెరుగుతుంది. ఔట్‌పుట్ అలాగే ఉంటుంది. రాడ్డు పట్టుకున్నవాడికి ఏమీ తెలియదు. కానీ పవర్ ఎక్కడి నుంచో రావాలి కదా. 100 ఆంపియర్లు, 24 వోల్టులు అంటే 2400 వాట్లు. మెషిన్ ఎఫిషియెన్సీ 83 శాతం అనుకుంటే గోడ నుంచి 2900 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ లేని మెషిన్ కాబట్టి పవర్ ఫ్యాక్టర్ 0.7 వేసుకో. 230 దగ్గర 18 ఆంపియర్లు లాగుతుంది, 170 దగ్గర 24. వోల్టేజీ తగ్గేకొద్దీ ఎక్కువ లాగుతుంది! బల్బులా తక్కువ లాగి ఊరుకోదు.

ఒకసారి ఒక గేట్ల షాపు కుర్రాడు మెషిన్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని తెచ్చాడు. నా బెంచ్ మీద గంట నడిచినా ఏమీ కాలేదు. వాళ్ల షాపుకి వెళ్లి చూస్తే, మీటరు నుంచి 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు, 1.5 చదరపు మిల్లీమీటర్లది. రాగి తీగే అయినా పోనూ రానూ 60 మీటర్లకు 0.7 ఓమ్ దాటుతుంది. 24 ఆంపియర్లకు అందులోనే 17 వోల్టులు, 400 వాట్ల వేడి. మిగిలిన వైరంతా చుట్టగా చుట్టి మెషిన్ పక్కన పడేశారు, ఆ చుట్ట ముట్టుకుంటే చెయ్యి కాలింది. వోల్టేజీ పడేకొద్దీ మెషిన్ ఇంకా లాగడం, లాగేకొద్దీ ఇంకా పడటం. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాక ఆ మెషిన్ మళ్లీ నా దగ్గరికి రాలేదు. మెషిన్‌లో ఒక్క స్క్రూ విప్పలేదు నేను.

ఇంకా కిందికి, 140కి పోతే డీసీ లోడ్ మీద 180, సెకండరీ 36. 150 ఆంపియర్లకు 30 వోల్టులు కావాలంటే వెడల్పు 83 శాతం. రెండు జతల ఐజీబీటీలు ఒకేసారి ఆన్ అయితే డీసీ నేరుగా షార్ట్ అవుతుంది కాబట్టి మధ్యలో ఒకటి రెండు మైక్రోసెకన్ల డెడ్ టైమ్ తప్పనిసరి. అందువల్ల మొత్తం 90 శాతం దాటి వెళ్లలేం. అంటే ఇక పీడబ్ల్యూఎం చేతిలో ఏమీ మిగల్లేదు. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ కూడా 40కి పడిపోయి ఉంటుంది, రాడ్డు గీకినా ఆర్క్ తగలదు. ఆ స్థితిలో నాబ్ ఎంత తిప్పినా తేడా లేకపోతే ఐసీని తిట్టొద్దు, ముందు సాకెట్‌లో, అది కూడా లోడ్ మీద, వోల్టేజీ కొలువు.

ఇదే లెక్కతో నీ మెషిన్ నిజంగా 200 ఇస్తుందా అనేది కూడా తేల్చుకోవచ్చు. 200 ఆంపియర్లకు 28 వోల్టులు, 5600 వాట్లు. గోడ నుంచి 40 ఆంపియర్ల పైనే లాగాలి. 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టి, సన్నటి వైరుతో "200 ఆంపియర్ల మెషిన్" అని అమ్మేవాటి మీద నాకు నమ్మకం లేదు. అలాంటివి చాలావరకు 120, 140 దగ్గర ఆగిపోతాయి. 10 నంబర్ రాడ్డు, అదే 3.15 మిల్లీమీటర్లది, కాల్చడానికి 90 నుంచి 130 చాలు కాబట్టి కొన్నవాళ్లకు తేడా తెలియదు. 4 మిల్లీమీటర్ల రాడ్డు పెట్టిన రోజు తెలుస్తుంది.

సరే, మరి పీడబ్ల్యూఎం నిజంగా పాడైతే ఎలా ఉంటుంది? నాబ్ ఎక్కడున్నా ఆర్క్‌లో ఫుల్ కరెంటు వస్తుంటే ఐసీ కంటే ముందు షంట్ నుంచి వచ్చే రెండు సన్నటి వైర్లను చూడు. ఒకటి ఊడితే సర్క్యూట్‌కి కరెంటు ఎప్పుడూ సున్నాగానే కనిపిస్తుంది. "ఇంకా రాలేదు" అని ఫుల్ వెడల్పు తెరిచే ఉంచుతుంది. ఒక మెషిన్ 12 నంబర్ రాడ్డుతో పలుచటి స్క్వేర్ ట్యూబును చిల్లులు పొడుస్తుంటే, మేస్త్రీ చేతిదే తప్పని ఓనరు రెండు రోజులు తిట్టాడు. చివరికి చూస్తే షంట్ వైరు టంకం పగిలి ఉంది. కరెంటు ఉన్నట్టుండి ఎగిరి పడుతుంటే నాబ్ వెనక పొటెన్షియోమీటర్ అరిగి ఉంటుంది. షెడ్డులో గ్రైండింగ్ దుమ్ము దాన్ని బాగా తింటుంది. పల్స్ అసలే లేకపోతే 3525లో 16వ పిన్ను దగ్గర 5.1 వోల్టులు ఉన్నాయా చూడు, అది లేకపోతే ఐసీకి సప్లై లేదు, లేదా ఐసీ పోయింది. అది ఉండి, 10వ పిన్ను పైకి లేచి ఉంటే ఎవరో ఆపమంటున్నారు. అంటే ఓవర్ హీట్ స్విచ్చో, ఓవర్ కరెంట్ సర్క్యూటో. 8వ పిన్ను సాఫ్ట్ స్టార్ట్, దాని కెపాసిటర్ షార్ట్ అయినా పల్స్ రాదు. 11, 14 పిన్నుల్లో ఒకదాంట్లో పల్స్ ఉండి రెండోదాంట్లో లేకపోతే, అప్పుడు మాత్రం నిజంగా ఐసీనో డ్రైవర్ భాగాన్నో అనుమానించాలి. ఆ స్థితిలో మెషిన్‌ను పూర్తి సప్లై మీద ఆన్ చేయకు, ట్రాన్స్‌ఫార్మర్ ఒకవైపే నిండి ఐజీబీటీలు పేలతాయి.

కొలిచే పద్ధతి గురించి గట్టిగానే చెబుతాను, కొత్త స్కోప్ అన్నావు కాబట్టి. స్కోప్ ప్రోబ్ నెగటివ్ క్లిప్పు ఎర్త్‌కి కలిసి ఉంటుంది. మెషిన్ ప్రైమరీ వైపు నెగటివ్ బ్రిడ్జ్ రెక్టిఫయర్ గుండా నేరుగా మెయిన్స్‌లో ఉంటుంది. క్లిప్పు అక్కడ తగిలిస్తే పేలుతుంది. స్కోప్ పోవడం అదృష్టం కింద లెక్క. ఐజీబీటీ గేట్ల దగ్గర డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌తో కలపకుండా రెండు చోట్ల మధ్య వోల్టేజీ కొలిచేది) లేకుండా చెయ్యి పెట్టకు. ఐసీ ఉన్న కంట్రోల్ బోర్డు నెగటివ్ చాలా మెషిన్లలో ఔట్‌పుట్ వైపు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ముందు ప్లగ్గు తీసి, బోర్డు నెగటివ్‌కి, ప్రైమరీ కెపాసిటర్ల నెగటివ్‌కి మధ్య మీటరుతో కంటిన్యుటీ చూసుకో. ఇక ఆ కెపాసిటర్లు: 470 మైక్రోఫారడ్లవి నాలుగు ఉంటే, 325 వోల్టుల దగ్గర వాటిలో 100 జౌళ్ల శక్తి నిలవ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి డిస్చార్జ్ చేయడం మన షాపుల్లో గొప్పగా చూపిస్తారు, అలా చేయకు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు రెండు వైర్ల మధ్య కట్టి పెట్టుకుని దాన్ని తాకించు, వెలిగి ఆరిపోయాక మీటరుతో చూసి అప్పుడు ముట్టుకో. రిపేర్ చేసిన మెషిన్‌ను మొదటిసారి ఆన్ చేసేటప్పుడు అదే బల్బును సిరీస్‌లో పెట్టు.

నీ మెషిన్‌కి అసలు కావలసిన పరికరం స్కోప్ కాదు, డీసీ కొలిచే క్లాంప్ మీటర్. మామూలు ఏసీ క్లాంప్ పనికిరాదు, హాల్ సెన్సార్ ఉన్నది కావాలి. ఎర్త్ కేబుల్ చుట్టూ పెట్టి 10 నంబర్ రాడ్డుతో వెల్డింగ్ చేయించు, నాబ్ 80, 100, 120 దగ్గర మూడు రీడింగులు తీసుకో. రాడ్డు కొంచెం పైకి, కొంచెం కిందికి ఆడించమను. రీడింగు పెద్దగా కదలకపోతే, నాబ్ దగ్గర రాసిన అంకెకు పది శాతం అటూ ఇటూ ఉంటే, కవర్ బిగించి పని చేసుకో. అలా లేకపోతే ఆ మూడు అంకెలు, వెల్డింగ్ చేస్తున్నప్పుడు సాకెట్‌లో ఉన్న వోల్టేజీ, ఐసీ మీద రాసిన నంబరు ఇక్కడ పెట్టు. చూసి చెబుతాను.